నమ్మకం మారిన మనిషికి ఇంట్లో చోటు

సభకు నమస్కారం.

నన్ను దేవుడి గురించి మాట్లాడమన్నారు. ఉన్నాడా, లేడా అన్న వాదన నేను పెట్టుకోను. దేవుడు లేడన్న ప్రాచీన చార్వాకుల కాలం నుంచీ నడుస్తున్న వాదన అది, ఈ సాయంత్రంతో తెగేది కాదు. నా మనసులో ఉన్న ప్రశ్న వేరు. నిన్నటిదాకా మొక్కినవాడు మొక్కడం మానేస్తే, లేదా కొత్తగా ఇంకో దేవుడికి మొక్కడం మొదలుపెడితే, ఆ మనిషిని మనం ఏం చేస్తున్నాం? కన్నవాళ్ళు, తోబుట్టువులు, ఇరుగుపొరుగు, ప్రభుత్వం, అందరం కలిసి?

గోరా గారి జీవితం మీలో చాలామందికి తెలుసు. గోపరాజు రామచంద్రరావు, 1902లో పుట్టారు. ఆచారం గట్టిగా పాటించే బ్రాహ్మణ కుటుంబం. పుట్టు నాస్తికుడేం కాదు ఆయన. మొదట్లో దైవభక్తి ఉంది, దివ్యజ్ఞాన సమాజం (థియోసాఫికల్ సొసైటీ) ప్రభావం కూడా ఉంది. వృక్షశాస్త్రం చదివి కాలేజీలో పాఠాలు చెబుతూ, ఒక్కొక్కటే పరీక్షించి చూసుకుంటూ బయటికొచ్చారు. జంధ్యం వేసుకోనన్నందుకు తండ్రి ఇంట్లోంచి వెళ్ళిపొమ్మన్నారు. భార్య సరస్వతి గారు ఆయనతోపాటే నడిచారు. గ్రహణం వేళ గర్భిణి కదలకూడదని అందరూ హడలగొడుతుంటే, కడుపుతో ఉన్న ఆవిడ ఆ భయాన్ని లెక్కచేయలేదు. పుస్తకాల్లో గోరా గారికి ఇచ్చినంత చోటు ఆవిడకి ఇవ్వరు, అది నాకెప్పుడూ కష్టంగానే ఉంటుంది. నాస్తిక భావాల వల్ల ఆయనకి కాలేజీ ఉద్యోగం రెండుసార్లు పోయింది. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం మొదలుపెట్టారు, 1947లో దాన్ని విజయవాడకు తెచ్చారు. అన్ని కులాలవాళ్ళనీ ఒకే బంతిలో కూర్చోబెట్టి భోజనాలు పెట్టించారు. పిల్లల పేర్లలో దేవుళ్ళెవరూ లేరు. ఉప్పు సత్యాగ్రహం గుర్తుగా లవణం, ఎన్నికల్లో కాంగ్రెస్ గెలుపు గుర్తుగా విజయం, ప్రపంచ యుద్ధం గుర్తుగా సమరం.

ఇలాంటి మనిషి గాంధీజీ దగ్గరికి వెళ్ళారు. చిన్నప్పుడు దయ్యాల భయానికి దాది రంభ నేర్పిన రామనామాన్ని చివరిదాకా వదలని గాంధీజీ దగ్గరికి!

1941లో గోరా గారు ఉత్తరం రాస్తే గాంధీజీ జవాబు ముక్కుసూటిగానే వచ్చింది. నాస్తికత అంటే తనను తాను కాదనుకోవడమేననీ, దాన్ని ప్రచారం చేసి నెగ్గినవాళ్ళు లేరనీ. అయినా గోరా గారు ఆగలేదు, 1944 చివర్లో గాంధీజీ ఉండే సేవాగ్రాం ఆశ్రమానికి వెళ్ళి కలిశారు. మాటలు సాగాయి. పట్టుదల ఇద్దరిదీ. చివరికి గాంధీజీ అన్న మాట గోరా గారే రాసిపెట్టారు: నా ఆస్తికత్వం సరైనదని గానీ నీ నాస్తికత్వం తప్పని గానీ నేను చెప్పలేను, మనం సత్యాన్ని వెతుక్కునేవాళ్ళం, పొరపాటు అనిపించినప్పుడు మారతాం, నేను అలా ఎన్నోసార్లు మారాను అని.

ఆ చివరి ముక్క దగ్గర నేను చాలాసేపు ఆగిపోతాను. డెబ్భై ఏళ్ళు దాటిన మనిషి, దేశమంతా మహాత్ముడంటున్న మనిషి, దేవుడి విషయంలో తన మాట ఆఖరిమాట అనలేదు. ఇది గోరా గారి మీద మొహమాటంతో అన్నది కాదు. 1931లోనే స్విట్జర్లాండులోని లొసాన్‌లో మాట్లాడుతూ, ఇన్నాళ్ళూ దేవుడే సత్యం అన్నాను, ఇప్పుడు సత్యమే దేవుడు అంటున్నాను అని చెప్పారు. ఎందుకు మారారో కూడా అక్కడే చెప్పారు. సత్యం కోసం తపించి దేవుణ్ణే కాదన్న నాస్తికులు ఆయన కళ్ళముందున్నారు. ఇంగ్లండు నాస్తికుడు చార్లెస్ బ్రాడ్లా పేరు ఆయనే ఎత్తారు. దేవుడే సత్యం అంటే వాళ్ళు వాకిట్లోనే ఆగిపోతారు. సత్యమే దేవుడు అంటే లోపలికి రావచ్చు. దేవుణ్ణి నమ్మనివాళ్ళకి చోటివ్వడానికి తన నమ్మకాన్నే తిరగరాసుకున్న భక్తుడాయన.

ఆ మాటకి పరీక్ష గోరా గారి ఇంటి పెళ్ళి రూపంలో వచ్చింది. పెద్దమ్మాయి మనోరమ, దళిత యువకుడు అర్జునరావుల పెళ్ళి. సేవాగ్రాంలో చేయిద్దామన్నారు గాంధీజీ. పెళ్ళి ప్రమాణంలో దేవుడి పేరు ఉన్నచోట సత్యం పేరు పెట్టడానికి ఒప్పుకున్నారు. 1948 జనవరి 30న ఆయన్ని చంపేశారు. మార్చిలో ఆ పెళ్ళి సేవాగ్రాంలోనే జరిగింది. ఆశ్రమంవాళ్ళు ఆయన మాట నిలబెట్టారు.

వాళ్ళంతా మహానుభావులండీ, మామూలు సంసారాల్లో కుదిరే పనేనా అనొచ్చు మీరు. మా అమ్మ మహానుభావురాలేం కాదు. మా పిన్ని బాప్తిస్మం తీసుకున్నప్పుడు అమ్మ చాలాకాలం ఏడ్చింది, పండక్కి పిలవడం మానేసింది. తర్వాత ఎప్పుడో పిన్ని తనే ఇంటికొచ్చింది, బొట్టు లేకుండా. వెళ్ళేటప్పుడు గడప దగ్గర అలవాటు కొద్దీ అమ్మ చేతిలో కుంకుమ భరిణె ఉంది. ఇద్దరూ అలాగే నిలబడిపోయారు. అమ్మ భరిణె మూత పెట్టేసి, జాకెట్టు గుడ్డ, రెండు అరటిపళ్ళు పిన్ని చేతిలో పెట్టి, "క్రిస్మస్‌కి పిల్లల్ని తీసుకొని నేనే వస్తాలే" అంది. అమ్మ పూజలు తగ్గలేదు, పిన్ని చర్చి మానలేదు. మా ఇంట్లో ఆ తర్వాత ఎవరి దేవుడి గురించీ గొడవ రాలేదు.

ఇల్లు సర్దుకున్నా కాగితం సర్దుకోదు. మన రాజ్యాంగం 25వ అధికరణం అంతఃకరణ స్వేచ్ఛ ఇచ్చింది. అదే 1950లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డ్ కులాల హోదాని దాదాపుగా హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులకి, 1990లో బౌద్ధులకి విస్తరించారు. క్రైస్తవుడైన దళితుడికి ఇవాళ్టికీ లేదు, మన దగ్గర అతన్ని వెనకబడిన తరగతుల్లో బీసీ-సీ అనే వర్గంలో వేస్తారు. ఆదివారం ఏ గుడిలో కూర్చున్నా పల్లెలో అతని ఇల్లు ఉన్నచోటే ఉంది, అతన్ని పిలిచే పిలుపూ మారలేదు. అందుకే ఎంతమందో గుండెలో ఒక దేవుణ్ణీ సర్టిఫికెట్‌లో ఇంకో మతాన్నీ పెట్టుకొని బతుకుతున్నారు. వాళ్ళని దొంగలు అంటుంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ రెండు బతుకుల్లోకి వాళ్ళని నెట్టింది మనం రాసుకున్న ఉత్తర్వే.

ఇక నా సంగతి. నేను నమ్ముతాను. కానీ మా నాయనమ్మ నమ్మిన దేవుడు కాడు నాకున్నవాడు. ఆవిడ దేవుడు మొక్కు తీర్చకపోతే కోపగించేవాడు, మైల పట్టించుకునేవాడు. నా దేవుడికి ఆ రెండూ లేవు. కష్టంలో ఉన్న మనిషి పక్కన కూర్చున్నప్పుడు ఆయన ఉన్నట్టు నాకు గట్టిగా తెలుస్తుంది, గుళ్ళో ఒక్కోసారి తెలియదు. రేపు ఇదీ మారొచ్చు. మారితే మారిందని మీకే వచ్చి చెబుతాను, దాచుకోను.

నేను చెప్పదలుచుకున్నది ఇంతే. ఇప్పుడు మీరు మాట్లాడండి. నాతో ఒప్పుకోనివాళ్ళు ముందు లేవండి, మైకు మీకే ముందు ఇస్తారు.