పోయిన పరుగుకు వడ్డీ కట్టొద్దు: మారథాన్‌పై ఫోన్-ఇన్

యాంకర్: శ్రోతలందరికీ నమస్కారం. ఈ ఆదివారం మన ఫోన్-ఇన్ మారథాన్ గురించి. నెల్లూరులో చాలామంది రన్నర్లకు శిక్షణ ఇచ్చిన రిటైర్డ్ ఫిజికల్ డైరెక్టర్ గారు మనతో ఉన్నారు. నమస్కారం సార్.

కోచ్: నమస్కారమమ్మా. ముందే ఒక మాట. మారథాన్ అంటే 42 కిలోమీటర్ల 195 మీటర్లు. 5కే రన్‌కి వెళ్లొచ్చి "మారథాన్ కొట్టేశా" అని స్టేటస్ పెట్టుకునేవాళ్లు ఎక్కువయ్యారు. పెట్టుకోండి, నాకేం అభ్యంతరం లేదు. ఫోన్ చేసినప్పుడు మాత్రం ఎంత దూరమో చెప్పండి, లేకపోతే నా సలహా తిరగబడుతుంది.

యాంకర్: మొదటి కాలర్ ఒంగోలు నుంచి. చెప్పండమ్మా.

కాలర్ (ఒంగోలు): సార్, నేను డిగ్రీ సెకండియర్. హాఫ్ మారథాన్‌కి, అంటే 21 కిలోమీటర్లకి, ప్రాక్టీస్ చేస్తున్నా. మోకాలి కింద, ముందువైపు ఎముక దగ్గర నొప్పి వస్తోంది సార్.

కోచ్: వారానికి ఎంత పరిగెత్తుతున్నావమ్మా?

కాలర్ (ఒంగోలు): పోయిన నెల 15 కిలోమీటర్లు సార్. ఇప్పుడు 35.

కోచ్: చూశావా, నొప్పి ఎందుకో నువ్వే చెప్పావు. ఊపిరి త్వరగా అలవాటు పడుతుంది, ఎముక పడదు. దానికి నెలలు కావాలి. వారానికి పదో వంతు పెంచుకుంటూ పో, నాలుగో వారం కాస్త తగ్గించు. ఇప్పుడు వేలితో ఆ ఎముక నొక్కి చూడు. నొప్పి పొడవునా ఉందా, ఒక్క చోటేనా?

కాలర్ (ఒంగోలు): పొడవునా ఉంది సార్, ఒక జానెడు.

కోచ్: ఒంటికాలి మీద గెంతితే ప్రాణం పోయినట్టుందా? రాత్రి పడుకున్నప్పుడు కూడా లాగుతోందా?

కాలర్ (ఒంగోలు): లేదు సార్.

కోచ్: అయితే షిన్ స్ప్లింట్స్ లాగే ఉంది, అంటే పరుగు ఒత్తిడికి కాలి ముందు ఎముక పొడవునా వచ్చే నొప్పి. రెండు వారాలు పరుగు ఆపి సైకిలు తొక్కు, నొప్పి తగ్గాక 15 నుంచే మళ్లీ మొదలుపెట్టు. అదే ఒక్క చోట, పావలా బిళ్లంత మేర నొప్పి వస్తే మాత్రం ఎముకల డాక్టర్ దగ్గరికి వెళ్లు. అది ఎముకలో సన్నటి చీలిక కావచ్చు. మొదట్లో ఎక్స్‌రేలో కూడా కనిపించకపోవచ్చు. ఇంకొకటమ్మా, నెలసరి ఆగిపోవడం, తప్పిపోవడం ఉంటే అమ్మతో చెప్పి లేడీ డాక్టర్‌ని కలువు. తిండి చాలక పరుగు ఎక్కువైనప్పుడు అలా జరుగుతుంది, ఎముకా బలహీనపడుతుంది.

కాలర్ (ఒంగోలు): సరే సార్. కొత్తపట్నం బీచ్‌లో ఇసుక మీద పరిగెడితే మంచిదంటున్నారు మా ఫ్రెండ్స్...

కోచ్: నీళ్ల అంచున ఇసుక గట్టిగా, హాయిగా ఉంటుంది. కానీ అది సముద్రం వైపు వాలి ఉంటుంది. ఒక కాలు ఎప్పుడూ పల్లంలో పడి మోకాలు, తుంటి పట్టేస్తాయి. మా మైపాడులో ఇలా ఎంతమంది కుంటుకుంటూ వచ్చారో. ఎప్పుడైనా సరదాకి సరే, రోజూ వద్దు. మట్టి గ్రౌండ్ వెతుక్కో.

యాంకర్: థాంక్యూ అమ్మా. తర్వాత కావలి నుంచి. హలో?

కాలర్ (కావలి): హలో, హలో, వినపడతా ఉందా? నమస్కారం మేడమ్, నమస్కారం సార్. నేను బ్యాంకులో చేస్తా సార్, వయసు 47. రోజూ తుమ్మలపెంట రోడ్డులో పరిగెత్తుతా. ఆగస్టు ఆఖరి ఆదివారం హైదరాబాద్‌లో ఫుల్ మారథాన్‌కి డబ్బులు కట్టేశాను. పోయినేడాది కూడా పరిగెత్తా సార్, అప్పుడేమైందంటే...

యాంకర్: టీవీ సౌండ్ తగ్గిస్తారా సార్?

కాలర్ (కావలి): ఏమేయ్, ఆ టీవీ ఆపు. ఆ, చెప్పండి సార్.

కోచ్: నేను కాదయ్యా, మీరు చెప్పాలి.

కాలర్ (కావలి): పోయినేడాది 32 కిలోమీటర్ల దాకా బ్రహ్మాండంగా పోయా సార్. ఆ తర్వాత పిక్కలు రెండూ పట్టేశాయి. నడుచుకుంటూ 5 గంటల 20 నిమిషాలకు చేరా. మా బావమరిది కూడా వచ్చాడు, బెంగుళూరులో సాఫ్ట్‌వేర్. వాడు 4 గంటల 28. ఆ రోజు నుంచి ఏ ఫంక్షన్‌కి పోయినా అదే మాట. సరే, ఈసారి చూద్దామని గట్టిగా మొదలుపెట్టా. 24 కిలోమీటర్ల లాంగ్ రన్ కూడా అయింది. మే నెలాఖరులో టైఫాయిడ్ వచ్చి మూడు వారాలు మంచం మీద ఉన్నా సార్. ఇంకా ఏడు వారాలే ఉంది. ఆ తప్పిపోయిన లాంగ్ రన్‌లన్నీ ఎట్లా కవర్ చేయాలి?

కోచ్: కవర్ చేయకూడదు.

కాలర్ (కావలి): అంటే సార్, శనివారం ఒకటి, ఆదివారం ఒకటి వేసుకుంటే...

కోచ్: పోయిన పరుగు బాకీ కాదు, వడ్డీతో సహా కట్టడానికి. పోయింది పోయినట్టే. డాక్టర్ గారు పరిగెత్తమన్నారా?

కాలర్ (కావలి): వాకింగ్ చేయమన్నారు సార్. నిన్న ఒక 5 కిలోమీటర్లు పరిగెత్తి చూశా. కొంచెం ఆయాసం అనిపించింది.

కోచ్: వాకింగ్ చేయమంటే పరిగెత్తి చూశారు. బాగుంది. టైఫాయిడ్ మనిషిని లోపలి నుంచి పీల్చేస్తుంది, కండ కరిగిపోతుంది. ముందు మళ్లీ డాక్టర్‌ని అడగండి. ఆయన సరే అన్నాక రెండు నిమిషాలు పరుగు, రెండు నిమిషాలు నడక, అలా అరగంట. పొద్దున కళ్లు తెరవగానే మంచం మీదే నాడి చూసుకోండి. మామూలుగా 60 ఉండేది 70 ఉందంటే ఆ రోజు నడకే. లెక్క మీరే వేయండి. ఉన్నది ఏడు వారాలు. చివరి రెండు వారాలు పరుగు తగ్గించాలి, దాన్నే టేపర్ అంటాం. మిగిలింది ఐదు. అందులో రెండు మామూలు మనిషి కావడానికే పోతాయి. మూడు వారాల్లో 24 నుంచి 30, 32కి ఎలా వెళ్తారు?

కాలర్ (కావలి): అదే సార్ నా టెన్షన్.

కోచ్: అందుకే ఈసారి ఫుల్ వద్దు. నిర్వాహకులు ఒప్పుకుంటే హాఫ్‌కి మార్చుకోండి. చలికాలంలో వైజాగ్‌లోనో, జనవరిలో ముంబయిలోనో ఫుల్ చేయొచ్చు. అయితే మీ అసలు జబ్బు టైఫాయిడ్ కాదు. పోయినేడాది మొదటి 10 కిలోమీటర్లు ఎంతలో కొట్టారు?

కాలర్ (కావలి): కరెక్ట్‌గా గంట సార్. జనం చప్పట్లు కొడుతుంటే అలా వచ్చేసింది.

కోచ్: మీ హాఫ్ బెస్ట్ టైమ్?

కాలర్ (కావలి): 2 గంటల 20.

కోచ్: చూడండి. హాఫ్‌లో మీరు కిలోమీటరుకు 6 నిమిషాల 38 సెకన్లు. అంతకు రెట్టింపు దూరం ఉన్న ఫుల్‌ని 6 నిమిషాలతో మొదలుపెట్టారు! 32లో పిక్కలు పట్టాయంటున్నారు గానీ, మీ రేసు మొదటి 5 కిలోమీటర్లలోనే పాడైంది. కండల్లో, కాలేయంలో ఒళ్లు దాచుకున్న గ్లైకోజెన్ అనే ఇంధనం వేగంగా పరిగెత్తేకొద్దీ త్వరగా కరుగుతుంది. అది అయిపోయినప్పుడు కాళ్లు సీసం పోసినట్టవుతాయి. నా లెక్క ఎప్పుడూ ఒకటే. హాఫ్ టైమ్ రెట్టింపు చేయండి, ఇంకో 20 నిమిషాలు కలపండి. మీకు 5 గంటలు వస్తుంది. అంటే కిలోమీటరుకు 7 నిమిషాల 7 సెకన్లు. మొదటి 5 కిలోమీటర్లు మాత్రం కిలోమీటరుకు ఏడున్నర నిమిషాల్లో పోండి. ముసలివాళ్లు దాటిపోతారు, పోనివ్వండి. 30 దాటాక వాళ్లను మళ్లీ కలుస్తారు.

కాలర్ (కావలి): 4.30 కావాలంటే 6 నిమిషాల 24 సెకన్లు సార్, నేను లెక్క వేసుకున్నా. ఆదివారం పొద్దున 15, సాయంత్రం 15 వేస్తే 30 అవుతుంది కదా?

కోచ్: అయ్యా! మధ్యలో స్నానం చేసి, భోంచేసి, నిద్రపోయి లేచిన 30, ఏకబిగిన పరిగెత్తిన 30 ఒకటి కాదు. పైగా జ్వరం నుంచి లేచిన ఒంటితో. మీరు రోడ్డు మీద పరిగెత్తడం లేదు, మీ బావమరిదితో పరిగెత్తుతున్నారు. ఆయన వయసెంత?

కాలర్ (కావలి): ముప్పై నాలుగు.

కోచ్: ఇంకేం! కెల్విన్ కిప్టుమ్ అని కెన్యా కుర్రాడు, పాపం రోడ్డు ప్రమాదంలో పోయాడు. 2023లో చికాగోలో 2 గంటల 35 సెకన్లతో ప్రపంచ రికార్డు పెట్టాడు. మొదటి సగం 60 నిమిషాల 48 సెకన్లు, రెండో సగం 59 నిమిషాల 47. అంతటివాడే మొదటి సగం దాచుకుని పరిగెత్తాడు. పైగా మీది తుమ్మలపెంట చదును రోడ్డు, హైదరాబాద్‌లో ఫ్లైఓవర్లు ఎక్కి దిగాలి. ఎక్కేటప్పుడు గడియారం చూడకండి, ఆయాసం చూసుకోండి. పక్కవాడితో ఒక వాక్యం పూర్తిగా మాట్లాడగలిగితే వేగం సరిగ్గా ఉన్నట్టు.

కాలర్ (కావలి): ఆఖరుగా ఒకటి సార్. పిక్కలు పట్టకుండా ముందే ఒక నొప్పి మాత్ర వేసుకుంటే?

కోచ్: వద్దు! ఈ మాట ఈ రోజు ఎన్నిసార్లైనా చెప్తా. నొప్పి మాత్ర వేసుకుని లాంగ్ రన్ చేయొద్దు. చెమట పోయి ఒంట్లో నీళ్లు తగ్గినప్పుడు ఆ డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి కిడ్నీని దెబ్బతీస్తాయి. కనిగిరి వైపు కిడ్నీ జబ్బులతో జనం ఎంత అవస్థ పడుతున్నారో మనకు తెలియంది కాదు. ఉన్న కిడ్నీలు చేతులారా పాడుచేసుకుంటారా?

యాంకర్: సార్, చాలామంది లైన్‌లో ఉన్నారు. కావలి సార్, థాంక్యూ. పొదిలి నుంచి ఎవరు?

కాలర్ (పొదిలి): సార్, నేను కానిస్టేబుల్ సెలక్షన్స్‌కి 1600 మీటర్లు...

కోచ్: అది వేరే పరుగు నాయనా. 400 మీటర్ల రౌండ్లు వేగంగా కొట్టి, మధ్యలో నడిచి, మళ్లీ కొట్టాలి. మారథాన్ వాళ్లు చెప్పేవి నీకు పనికిరావు. గ్రౌండ్‌లో పీఈటీ సార్‌ని పట్టుకో.

యాంకర్: ఆత్మకూరు నుంచి ఇంకో కాలర్.

కాలర్ (ఆత్మకూరు): సార్, నాకు షుగర్ ఉంది, ఎనిమిదేళ్లుగా. ఇన్సులిన్ తీసుకుంటా. 10కే పరిగెత్తొచ్చా?

కోచ్: షుగర్ ఉన్నవాళ్లు ఫుల్ మారథాన్లే పరిగెత్తుతున్నారు. కానీ మీరు ముందు డాక్టర్‌ని కలిసి గుండె పరీక్ష, కళ్ల పరీక్ష, పాదాల పరీక్ష చేయించుకోవాలి. పరుగు ఉన్న రోజు ఇన్సులిన్ ఎంత తగ్గించాలో ఆయనే చెప్పాలి, నేను చెప్పకూడదు. జేబులో గ్లూకోజ్ పెట్టుకోండి. ఒంటరిగా వెళ్లొద్దు. పరిగెత్తిన చాలా గంటల తర్వాత కూడా, రాత్రి నిద్రలో కూడా షుగర్ పడిపోవచ్చు, కాబట్టి... హలో?

యాంకర్: లైన్ కట్ అయింది సార్. వేదాయపాళెం నుంచి ఒక మేడమ్.

కాలర్ (వేదాయపాళెం): నమస్తే అండీ. నేను తెల్లవారుజామున నాలుగున్నరకే పరుగుకి వెళ్తాను, వెలుగొస్తే అందరూ చూస్తారని. మొన్నే 18 కిలోమీటర్లు చేశాను. ఏం తిని వెళ్లాలో తెలియడం లేదు. ఖాళీ కడుపుతో వెళ్తే కళ్లు తిరుగుతున్నాయి.

కోచ్: 18 పరిగెత్తిన మనిషిని చూస్తే చూడనీయండమ్మా, చూసి నేర్చుకుంటారు. అయినా నాలుగున్నరే మంచి టైమ్. రోహిణి కార్తె పోయినా మన దగ్గర ఉక్క పోదు. గాలిలో తేమకు చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. ఉక్కగా ఉన్న రోజు వేగం దానంతటదే తగ్గుతుంది, మీరు బలహీనపడ్డారని బాధపడకండి. ఇక తిండి. గంటన్నర ముందు రెండు ఇడ్లీలు, లేదా అరటిపండు, బ్రెడ్డూ తేనె. గంటన్నర దాటిన పరుగైతే మధ్యలో కూడా గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం అందాలి. ఓ పెద్ద అరటిపండులో పాతిక, ముప్పై గ్రాములుంటాయి. ఖర్జూరాలైనా సరే, రన్నర్లు తాగే ఎనర్జీ జెల్ అయినా సరే.

కాలర్ (వేదాయపాళెం): నీళ్లు ఎక్కువ తాగమంటున్నారు కదండీ?

కోచ్: దాహం వేసినప్పుడు తాగండి. భయపడి లీటర్లు లీటర్లు ఉత్త నీళ్లు పోసేసుకుంటే రక్తంలో సోడియం పల్చబడుతుంది. తల తిరగడం, వాంతులు, ముదిరితే ప్రాణానికే ముప్పు. ఓఆర్ఎస్ ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్లలోనే కలపండి. అన్నీ లాంగ్ రన్‌లోనే పరీక్షించుకోండి. రేసు ముందురోజు రాత్రి అన్నం, పలచటి పప్పు చాలు. చేపల పులుసు, కారం దోసె రేసయ్యాక తృప్తిగా తినండి. నేనూ అంతే.

కాలర్ (వేదాయపాళెం): మొన్న కుక్కలు వెంటపడ్డాయండీ...

కోచ్: పరుగాపి నడవండి. పరిగెత్తేవాళ్లనే తరుముతాయి అవి. ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు కలిసి వెళ్తే ఇంకా మంచిది.

యాంకర్: థాంక్యూ మేడమ్. సార్, కావలి నుంచి మళ్లీ...

కాలర్ (కావలి): సార్, ఇందాక లైన్ తీసేశారు. హాఫ్‌కి మార్చుకోకుండా, ఫుల్‌లోనే 21 పరిగెత్తి మిగతాది నడిస్తే?

కోచ్: (నవ్వు) మీరు వదలరు! డాక్టర్ సరే అంటే, వచ్చే ఐదు వారాల్లో ఒక్కసారి హాయిగా 24 పరిగెత్తగలిగితే, మొదటి కిలోమీటరు నుంచే నాలుగు నిమిషాలు పరుగు, ఒక నిమిషం నడక చేయండి. అలసిపోయాక నడవడం కాదు, అలసిపోకముందే నడవాలి. కటాఫ్, అంటే రేసు ముగించడానికి ఇచ్చే గడువు, ఎంతో చూసుకోండి. 24 రాకపోతే హాఫే. ఒప్పుకున్నట్టేనా?

కాలర్ (కావలి): ఒప్పుకున్నా సార్. బావమరిదికి మాత్రం ఏం చెప్పాలి?

కోచ్: చెప్పకండి.

యాంకర్: నెల్లూరు ట్రంకు రోడ్డు నుంచి ఒకరు, క్లుప్తంగా.

కాలర్ (నెల్లూరు): అడుగులో గట్టి కార్బన్ పలక ఉండే ఆ కార్బన్ ప్లేట్ షూ కొంటే టైమ్ తగ్గుతుందా సార్? ఇరవై వేలట.

కోచ్: మొదటి మారథాన్‌కి అక్కర్లేదు. 1978లో జలంధర్‌లో శివనాథ్ సింగ్ 2 గంటల 12 నిమిషాల్లో పరిగెత్తాడు. నలభై ఏళ్లకు పైగా మన దేశంలో ఎవరూ దాన్ని దాటలేదు. ఆయన కాలంలో ఈ షూలు ఎక్కడివి? పాదానికి సరిపోయే మామూలు జత తీసుకోండి, 500 నుంచి 800 కిలోమీటర్లకు మార్చండి. రేసు రోజు కొత్తవి వేయొద్దు.

యాంకర్: ఆఖరి కాల్, చీమకుర్తి నుంచి. ఒక్క నిమిషమే ఉంది సార్.

కాలర్ (చీమకుర్తి): సార్, మా రోడ్డంతా గ్రానైట్ లారీలు, దుమ్ము. ఎట్లా పరిగెత్తేది?

కోచ్: లారీలు కదలకముందే ముగించండి. ఎదురుగా వచ్చే బండ్లు కనిపించేలా రోడ్డుకు కుడివైపు పరిగెత్తండి. మెరిసే జాకెట్ వేసుకోండి, చెవుల్లో ఇయర్‌ఫోన్లు వద్దు. దుమ్ము లేచే రోజు గ్రౌండ్‌కి వెళ్లండి. అన్నట్టు ఆ నొప్పి మాత్రల సంగతి మీకూ...

యాంకర్: సార్, వార్తల సమయమైంది. థాంక్యూ సార్. ఫోన్ చేసిన అందరికీ ధన్యవాదాలు.