మన ఇంటి ఉత్తరం మన చేతికే అందాలంటే

కాలనీ పెద్దలకు, ముందు వరసలో కూర్చున్న అమ్మలకు నమస్కారం.

హనుమకొండ గల్లీల్లో ముప్పై ఏళ్లకు పైగా ఉత్తరాలు పంచినవాణ్ని. రిటైరైనా దారిలో ఆపి అడిగేవాళ్లున్నారు. ఈ మధ్య అందరిదీ ఒకటే ప్రశ్న: "రిజిస్టర్ పోస్ట్ ఎత్తేశారంట, ఇక నోటీసులు, భూమి కాగితాలు ఎట్లా పంపాలె?"

2025 సెప్టెంబర్ 1 నుంచి దేశంలో పంపే రిజిస్టర్ పోస్ట్‌ను స్పీడ్ పోస్ట్‌లో కలిపేశారు. ఇక్కడ ఒక తేడా గుర్తుపెట్టుకోండి. మామూలు స్పీడ్ పోస్ట్‌ను ఆ ఇంట్లో ఎవరున్నా తీసుకోవచ్చు. పేరున్న మనిషికో, ఆయన రాసిచ్చిన మనిషికో మాత్రమే ఇవ్వాలంటే కౌంటర్‌లో "రిజిస్ట్రేషన్ పెట్టండి" అని అడగాలి. దానికి 5 రూపాయలు, పైన జీఎస్టీ. అడగకపోతే పెట్టరు. అదే ఏడాది అక్టోబర్ 1 నుంచి 50 గ్రాముల లోపు స్పీడ్ పోస్ట్ కవరుకు ఉన్న ఊళ్లోనైతే 19 రూపాయలు, బయటికి 47, జీఎస్టీ వేరే. ఎర్ర డబ్బాలు కూడా తీసేస్తున్నారని వాట్సాప్‌లో తిరిగింది. నమ్మకండి, డబ్బాలు ఉన్నాయి.

నాకు అసలు బాధ ఓటీపీ దగ్గర. పంపేవాళ్లు ఇంకో 5 రూపాయలు కడితే, తీసుకునేవాళ్ల ఫోన్‌కు వచ్చిన నంబరు చెప్తేనే కవరు ఇస్తారు. భద్రతకు మంచిదే. కానీ మన ఇళ్లల్లో ఏం జరుగుతోంది? పిల్లలు హైదరాబాద్‌లోనో, గల్ఫ్‌లోనో, అమెరికాలోనో ఉన్నారు. అమ్మానాన్నల ఫారాలన్నీ వాళ్లే నింపి, వాళ్ల నంబరే రాసేస్తారు. మొన్న మా ఇంటికే మా ఆవిడ పేరు మీద ఒక కవరు వచ్చింది. ఓటీపీ మా అబ్బాయికి పోయింది. వాడు డ్యూటీలో ఉండి ఫోన్ ఎత్తలేదు. ఎండలో దర్వాజ ముందు ఆ పోస్టుమ్యాన్ పది నిమిషాలు నిలబడి, కవరు వెనక్కి తీసుకుపోయాడు. మా ఆవిడ ఎదురుగానే ఉంది, కవరు ఆమెదే, అయినా చేతికి రాలేదు. ఒంటరిగా ఉండే ఒక అవ్వకు ఇట్లా జరిగితే ఎంత టెన్షన్! అందుకే పిల్లలు ఈసారి ఇంటికి వచ్చినప్పుడు బ్యాంకులో, ఎల్‌ఐసీలో ఎవరి పేరుకు వాళ్ల నంబరే పెట్టించుకోండి.

ఇక అడ్రసు. 2016లో వరంగల్ జిల్లాను విడదీశారు. మనది వరంగల్ అర్బన్ అయింది, 2021లో హనుమకొండ అయింది. ఒకే ఇంట్లో ఆధార్ మీద ఒక జిల్లా, పాస్‌బుక్ మీద ఇంకో జిల్లా. జిల్లా పేర్లు మారినా పిన్ మారలేదు: హనుమకొండ 506001, వరంగల్ 506002, కాజీపేట 506003. జిల్లా తప్పు రాసినా పిన్, ఇంటి నంబరు సరిగ్గా ఉంటే ఉత్తరం మన పోస్టాఫీసు దాకా వచ్చేస్తుంది. పిన్ తప్పితే మాత్రం ఊళ్లు తిరిగి వస్తుంది. 2025లో డిజిపిన్ అని పది అక్షరాల కోడ్ కూడా తెచ్చారు, నాలుగు మీటర్ల చదరాన్ని గుర్తించేది. అది పిన్‌కు బదులు కాదు, పిన్ రాయడం మానకండి.

కిరాయి ఇళ్లున్నవాళ్లకు ఒక మాట. పాత కిరాయిదారు ఉత్తరం వస్తే సజ్జ మీద పడేయకండి, విప్పకండి. పైన "ఇక్కడ లేరు" అని రాసి పోస్టుమ్యాన్‌కే ఇవ్వండి. కోచింగ్‌కు వచ్చి రూమ్ ఖాళీ చేసిపోయిన పిల్లల ఉద్యోగ కాల్ లెటర్లు అట్లా మూలన పడి ఉండగా నేను చూశాను. ఇప్పటికీ మనసుకు కష్టంగా ఉంటుంది. మీరు ఇల్లు మారినా, పాత ఏరియా పోస్టాఫీసులో కొత్త అడ్రసు రాసిచ్చి రండి.

"మీ పార్సిల్ ఆగిపోయింది, 24 గంటల్లో అడ్రసు మార్చండి" అని లింకుతో మెసేజ్ వస్తే ముట్టుకోకండి. పోస్టాఫీసు అట్లాంటి లింకులు పంపదు. నిజమైన స్పీడ్ పోస్ట్‌కు ముందు రెండు ఇంగ్లీషు అక్షరాలు, తొమ్మిది అంకెలు, చివర ఐఎన్ ఉన్న నంబరు రశీదు మీద ఉంటుంది. దాన్ని ఇండియా పోస్ట్ వెబ్‌సైట్‌లో మీరే చూసుకోండి.

వచ్చే ఆదివారం పొద్దున పది నుంచి ఇక్కడే కూర్చుంటాను. ఈ మధ్య మీ ఇంటికి వచ్చిన కవర్లన్నీ పట్టుకురండి. ఏ కవరు మీద అడ్రసు తప్పుందో, ఏ ఆఫీసులో మార్పించాలో చూసి, దరఖాస్తు రాసిపెడతాను.