ఆ సిమ్ ఎవరి పేరు మీద ఉందమ్మా?

(హైదరాబాద్ స్టూడియో నుంచి ప్రసారమైన ఫోన్-ఇన్ కార్యక్రమంలో కొంత భాగం. అంశం: మహిళల వ్యాపారాలు, భాగస్వామ్యాలు. అతిథి: చిన్న వ్యాపారాలకు లెక్కలు, అగ్రిమెంట్లు చూసిపెట్టే సలహాదారు.)

యాంకర్: మొదటి కాల్ నిజాంపేట నుంచి. చెప్పండమ్మా, టీవీ సౌండ్ కాస్త తగ్గించి మాట్లాడండి.

కాలర్: తగ్గించానండీ. నమస్తే మేడమ్. నేనూ, మా ఎదురు ఫ్లాట్ అక్కా కలిసి పొడులు, పచ్చళ్ళు చేసి అమ్ముతున్నాం. పెట్టుబడి రెండు లక్షలు అక్కే పెట్టింది. వంటపనంతా నాది. ఇప్పుడు ఆర్డర్లు పెరిగాయి. అక్కేమో లాభం చెరిసగం అంటోంది. తెల్లారుజామున నాలుగింటికి లేచి మిరపకాయలు వేయించేది నేను కదా! అడుగుదామంటే ఏమనుకుంటుందో అని టెన్షన్.

అతిథి: కాగితం ఏమన్నా రాసుకున్నారా?

కాలర్: లేదు మేడమ్. ఎదురెదురు గుమ్మాలు, మన మధ్య కాగితాలేంటి అనుకున్నాం.

అతిథి: అయితే అక్క చెప్పేదే చట్టమూ చెబుతుంది. 1932 నాటి భాగస్వామ్య చట్టం ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే లాభనష్టాలు సమానం. ఎవరెంత పెట్టారు, ఎవరెంత చాకిరీ చేశారు అని చూడదు. ముందే అనుకోకపోతే పనికి జీతం అడిగే హక్కు కూడా ఉండదు.

కాలర్: అయ్యో, ఇంత కష్టానికీ అంతేనా!

అతిథి: కంగారు పడకండి. ఇద్దరూ ఒప్పుకుంటే ఇప్పుడైనా మార్చుకోవచ్చు. కాకపోతే 'నా వాటా పెంచు' అని మొదలుపెట్టకండి. వాటా అనగానే ఎవరైనా గుంభనంగా అయిపోతారు. 'ఈ వంటకి మనిషిని పెట్టుకుంటే నెలకెంత ఇస్తాం అక్కా?' అని అడగండి. ఆ మొత్తం ఖర్చుల్లో రాసుకుని మీరు తీసుకోండి, మిగిలింది చెరిసగం చేసుకోండి. ఆవిడ రెండు లక్షలు అప్పుగా ఇచ్చిందా, పెట్టుబడిగా పెట్టిందా అన్నది కూడా తేల్చుకోవాలి. అప్పయితే తీర్చేయాలి, పెట్టుబడి అయితే విడిపోయే రోజున దాని లెక్క వస్తుంది. సరే, ఆర్డర్లు దేనికి వస్తాయి?

కాలర్: వాట్సాప్‌కే మేడమ్. కస్టమర్లందరూ అందులోనే ఉన్నారు.

అతిథి: ఆ సిమ్ ఎవరి పేరు మీద ఉందమ్మా?

కాలర్: అక్కా వాళ్ళ అబ్బాయి పేరు మీద.

అతిథి: డబ్బులు పడే క్యూఆర్ కోడ్?

కాలర్: అదీ వాడిదే. మంచి పిల్లాడే మేడమ్!

అతిథి: (నవ్వుతూ) కాదనను. రేపు వాడికి బెంగళూరులో ఉద్యోగం వచ్చి ఫోను పట్టుకుపోతే మీ వ్యాపారం కూడా వాడి జేబులోనే పోతుంది. పార్ట్‌నర్‌షిప్ డీడ్ రాయించండి. ఫర్మ్ పేరున పాన్ తీసుకోండి, కరెంట్ అకౌంట్ తెరవండి, ఇద్దరి సంతకాలూ ఉండేలా చూసుకోండి. ఒకరు తప్పుకుంటే ఆ నంబరు, లేబుల్ మీది పేరు, మీ గోంగూర కొలతలు ఎవరికి పోతాయో డీడ్‌లోనే రాసుకోండి. ఇవన్నీ మాట్లాడుకోవాల్సింది మంచిగా ఉన్నప్పుడే. చెడ్డాక ఎవరూ మాట్లాడరు, అరుచుకుంటారు.

కాలర్: రిజిస్టర్ చేయించాలా?

అతిథి: తప్పనిసరి కాదు, కానీ చేయించండి. రిజిస్టర్ కాని ఫర్మ్, ఒప్పందం ప్రకారం రావలసిన బాకీ కోసం బయటివాళ్ళ మీద దావా వేయలేదు. ఇంకొకటి, ఫర్మ్ పేరుతో ఒకరు అప్పు చేస్తే రెండోవాళ్ళ మీదికీ మొత్తం వస్తుంది, సగం కాదు. అది భయమైతే 2008 చట్టం కింద ఎల్ఎల్‌పీ, అంటే పరిమిత బాధ్యత భాగస్వామ్యం, ఉంది. కానీ ఏటేటా దాఖలు చేసే కాగితాలు, వాటి ఖర్చు మీ సైజు వ్యాపారానికి బరువే. ఇప్పుడు వద్దంటాను.

యాంకర్: ఉప్పల్ నుంచి ఇంకో కాల్. చెప్పండి.

కాలర్: మేడమ్, స్కూల్ యూనిఫామ్‌లు కుట్టి ఒక షాపుకి ఇస్తాను. జూన్‌లో సరుకిచ్చాను. దసరా దాటింది, డబ్బులు రాలేదు. ఎప్పుడడిగినా వచ్చే వారం అంటాడు.

అతిథి: చిన్న వ్యాపారాలకి కేంద్రం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉందా?

కాలర్: ఉందండీ, రెండేళ్ళ కిందటే తీసుకున్నా.

అతిథి: మంచి పని చేశారు. సరుకిచ్చాక ఉద్యమ్ తీసుకునేవాళ్ళకి పాత బిల్లుల దగ్గర పేచీ వస్తుంది. 2006 ఎంఎస్ఎంఈ చట్టం, అంటే చిన్న, మధ్యతరహా పరిశ్రమల చట్టం ప్రకారం రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజుల్లోపు డబ్బు ఇవ్వాలి, లేకపోతే 15 రోజుల్లోనే. దాటితే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకి మూడు రెట్లు చక్రవడ్డీ, నెల నెలా కలుపుతూ. కేంద్ర ఎంఎస్ఎంఈ శాఖ ఆన్‌లైన్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు.

కాలర్: పెడితే మళ్ళీ ఆర్డర్ ఇవ్వడు కదా మేడమ్.

అతిథి: ఆ భయం ఉంటుంది. ఆ షాపుకి కుట్టేవాళ్ళు ఇంకెవరైనా తెలుసా?

కాలర్: ఇద్దరు తెలుసు. మాట్లాడుకోం. పోటీ కదా.

అతిథి: అదే అతనికి కలిసొస్తోంది. వాళ్ళకీ బాకీ ఉండొచ్చు, ముందు వాళ్ళకి ఫోన్ చేయండి. ముగ్గురూ కలిసి వెళ్ళి 'పాత బాకీ తేలాకే కొత్త సరుకు' అంటే, వచ్చే జూన్‌కి ముగ్గురు టైలర్లని ఎక్కడ వెతుకుతాడు? వినకపోతే అప్పుడు పోర్టల్. సపోర్ట్ నెట్‌వర్క్ అంటే హోటల్ హాల్లో విజిటింగ్ కార్డులు పంచుకోవడం అనుకుంటాం. మీదేమో ఉప్పల్‌లో రెండు కుట్టుమిషన్ల అవతలే ఉంది.

యాంకర్: టైమ్ తక్కువుంది. అత్తాపూర్ నుంచి, త్వరగా అడగండి.

కాలర్: చిరుధాన్యాల లడ్డూలు చేస్తాను. గచ్చిబౌలిలో ఒక ఆఫీసు దీపావళికి 600 డబ్బాలు అడిగింది. నా వల్ల 200 దాటవు. వదులుకోనా? వాట్సాప్‌లో పది లేడీస్ గ్రూపుల్లో ఉన్నాను, గుడ్ మార్నింగులు తప్ప ఏం రావు.

అతిథి: వదలకండి. గ్రూపులో 'ఎవరైనా చేస్తారా' అని మెసేజ్ పడేస్తే జవాబు రాదు. వీ హబ్‌కి వెళ్ళండి. 2018 నుంచి నడుస్తున్న, ఆడవాళ్ళ వ్యాపారాల కోసమే రాష్ట్ర ప్రభుత్వం పెట్టిన సంస్థ అది. గాజులరామారంలో మహిళా పారిశ్రామికవేత్తల సంఘం ఎలీప్ వాళ్ళ పారిశ్రామికవాడ ఉంది, తయారీలో ఉన్న మహిళలు అక్కడ దొరుకుతారు. 'నాకు నెట్‌వర్క్ కావాలి' అనకండి. 'ఈ తేదీకి 400 డబ్బాల లడ్డూ కావాలి, ఎఫ్ఎస్ఎస్ఏఐ ఫుడ్ లైసెన్స్ ఉన్నవాళ్ళు ఎవరు?' అనండి. పని చెబితేనే పేరు దొరుకుతుంది.

కాలర్: నా కస్టమర్‌ని వాళ్ళు లాక్కుంటే?

అతిథి: బిల్లు మీరే వేయండి, డెలివరీ మీరే ఇవ్వండి. కస్టమర్‌ని నేరుగా కలవకూడదని కాగితం మీద రాయించుకోండి. డబ్బా మీద తయారుచేసినవాళ్ళ ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు మాత్రం ఉండాల్సిందే, దాచకండి. వాళ్ళకి మంచి రేటిస్తే లాక్కోవాలన్న ఆలోచనే తక్కువ వస్తుంది, అది నేను చూసిందే.

కాలర్: అడ్వాన్స్ ఎంత ఇవ్వమంటారు?

అతిథి: అడ్వాన్స్ తర్వాత సంగతి. ముందు వాళ్ళ దగ్గర కిలో లడ్డూ కొనుక్కుని, వారం ఉంచి, తినండి.