ఫాస్ట్ ట్రావెల్ అమ్మలేదు, అంతకంటే తెలివితక్కువ పని చేశారు: డ్రాగన్స్ డాగ్మా 2 గొడవ

"బ్రో, అందులో ఫాస్ట్ ట్రావెల్ కావాలంటే నిజం డబ్బులు కట్టాలంట కదా?"

డ్రాగన్స్ డాగ్మా 2 పేరెత్తితే చాలు, కింద కామెంట్లలో ఇదే. (ఫాస్ట్ ట్రావెల్ అంటే నడవకుండా మ్యాప్‌లో ఒక చోటు నుంచి ఇంకో చోటికి క్షణంలో వెళ్ళిపోవడం.) గేమ్ వచ్చింది 2024 మార్చి 22న. ఆ రోజు పుట్టిన పుకారు ఇప్పటికీ చావట్లేదు, పైగా ఆడనివాళ్ళే గట్టిగా చెబుతారు, అదొకటి. సరే, ఇవాళ దీని సంగతి తేల్చేద్దాం. నేను దీన్ని తీసిన కంపెనీ క్యాప్‌కామ్‌ని వెనకేసుకురావడానికి కూర్చోలేదు. ఈ గేమ్‌లో తిట్టాల్సినవి బోలెడున్నాయి, ఈ వీడియోలో నేనూ తిడతాను. కాకపోతే తిట్టాల్సినదాన్ని వదిలేసి లేనిదాన్ని పట్టుకుని తిడుతుంటే ఒళ్ళు మండుతుంది.

మన వెంట తోడు నడిచే పాన్స్ ఎవరు, వొకేషన్ అనే యుద్ధ వృత్తి అంటే ఏంటి, ఇవన్నీ మొదటి నుంచి చెప్పను, ఈ వీడియో నొక్కారంటే మీకు తెలిసే ఉంటుంది. స్పాయిలర్లు ఉంటాయి, చివర్లో ఇంకా ఎక్కువ.

[స్క్రీన్ మీద: మ్యాప్, వెర్న్‌వర్త్ దగ్గర జూమ్]

ముందు ఈ గేమ్‌లో ఫాస్ట్ ట్రావెల్‌కి వాడే రెండు రాళ్ళ సంగతి. పోర్ట్‌క్రిస్టల్ అంటే బస్ స్టాప్, ఫెర్రీస్టోన్ అంటే టికెట్. ఇంతే. స్టాప్ ఉన్నచోటికే బస్సు వెళ్తుంది, వెళ్ళిన ప్రతిసారీ ఒక టికెట్ చిరుగుతుంది. వెర్న్‌వర్త్ అనే పెద్ద ఊళ్ళో ఒకటి, హార్వ్ అనే పల్లెలో ఒకటి స్టాపులు ముందే ఉంటాయి. మిగతావి మీరే, ఆటలో దొరికిన పోర్ట్‌క్రిస్టల్ మోసుకెళ్ళి కావాల్సిన చోట పాతుకోవాలి, అక్కడ పనైపోతే పీకి ఇంకోచోట పెట్టుకోవచ్చు. టికెట్ ధర కొట్లో 10,000 గోల్డ్. ఆట మొదట్లో 10,000 గోల్డ్ అంటే మంచి కత్తో కవచమో వచ్చే డబ్బు కాబట్టి ఎవరూ కొనరు, దారిలో దొరికిన ఒకటీ అరా టికెట్‌ని జేబులో దాచుకుని, ఇంకా పెద్ద అవసరం వస్తుందేమోనని గేమ్ అయిపోయేదాకా వాడకుండా ఉంచేవాళ్ళే సగం మంది.

మరి స్టోర్‌లో క్యాప్‌కామ్ అమ్మింది ఏది? స్టాప్ బోర్డు. టికెట్ కాదు. ఆ బోర్డు కూడా ఒక మనిషికి ఒక్కటే. మీరు నిజం డబ్బులు పెట్టి బోర్డు కొని, ఇంటి గుమ్మం ముందు పాతుకున్నా సరే, చేతిలో టికెట్ లేకపోతే కండక్టర్ ఎక్కనివ్వడు. ఫెర్రీస్టోన్ అసలు ఆ లిస్టులోనే లేదు. "నడకని కావాలని కష్టం చేసి, ఆ కష్టం తప్పిస్తామని డబ్బు గుంజారు" అనే థియరీ ఇక్కడే కూలిపోయింది. గుంజాలనుకున్నవాడు టికెట్లు అమ్ముతాడు గానీ మనిషికొక బోర్డు అమ్మి ఊరుకుంటాడా?

అయితే నడకని ఎందుకంత కష్టం చేసినట్టు? డైరెక్టర్ హిడెయాకి ఇత్సునో రిలీజ్‌కి ముందే ఒక ఇంటర్వ్యూలో దాపరికం లేకుండా చెప్పాడు. ప్రయాణం బోరు కొడుతోందంటే ఆ గేమే బోరుగా ఉందని అర్థమట, దారిని ఆసక్తిగా చేస్తే చాలట. నాకు ఈ మాట భలే నచ్చింది. తర్వాత ఇదే మాట ఆయన మెడకి చుట్టుకుంది, దాని దగ్గరికి వస్తాను.

ఆయన చెప్పింది పనిచేసినప్పుడు ఎలా ఉంటుందో చూడండి. ఫెర్రీస్టోన్ నాన్‌స్టాప్ సర్వీస్ అయితే, ఈ గేమ్‌లో పల్లెవెలుగు కూడా ఉంది, అదే ఎద్దుబండి. స్టాప్ దగ్గర బెంచీ మీద కూర్చుంటారు, బండి వస్తుంది, నాలుగు డబ్బులిచ్చి ఎక్కుతారు, కునుకు తీస్తారు. అదృష్టం బాగుంటే ఊరొచ్చాకే మెలకువ. బాగోకపోతే మధ్యలో కేకలు, గాబ్లిన్లు. దిగి, కొట్టి, మళ్ళీ ఎక్కుతారు. ఇంకా బాగోకపోతే ఆకాశం నుంచి గ్రిఫిన్ అనే రెక్కల రాక్షసి బండి మీదకే దిగుతుంది.

[క్లిప్: గ్రిఫిన్ దాడి, బండి ముక్కలవడం. మ్యూజిక్ వద్దు, గేమ్ సౌండే ఉంచాలి]

ఇక బండి లేదు. అడవి మధ్యలో మీరు, మీ ముగ్గురు పాన్స్, ఇంతలో చీకటి పడుతోంది. వేరే గేముల్లో రాత్రంటే నీలం రంగు ఫిల్టర్ వేసినట్టు ఉంటుంది, ఇక్కడ లాంతరు వెలుగు దాటితే కాలు ఎక్కడ పెడుతున్నారో తెలియదు, ఆ లాంతరుకీ నూనె అయిపోతుంటుంది. దెబ్బలు తినే కొద్దీ మీ హెల్త్ బార్ గరిష్ఠమే కురచైపోతూ వస్తుంది, మందులు తాగినా ఆ పోయిన ముక్క తిరిగి రాదు, పడుకుంటేనే వస్తుంది. పడుకోవాలంటే క్యాంపింగ్ కిట్ ఉండాలి, అదేమో బరువు, పైగా క్యాంపు వేసే చోటు దొరకాలి, చుట్టుపక్కల తిరిగే రాక్షసుల్ని ముందే ఖాళీ చేసుకోకపోతే అర్ధరాత్రి మీద పడతారు, కిట్ నాశనమైపోయే అవకాశం కూడా ఉంది. (పక్క మాట: క్యాంపులో మాంసం వండితే వచ్చేది గ్రాఫిక్స్ కాదు, నిజం పెనం మీద నిజం మాంసం కాలుతుంటే కెమెరాతో తీసిన వీడియో. దానికి బడ్జెట్ పాస్ చేసిన మహానుభావుడెవరో గానీ దండం పెట్టాలి.)

వీటన్నిటినీ జనం "ఫ్రస్ట్రేషన్" ఖాతాలో రాశారు. నన్నడిగితే గేమ్‌లో అసలు సరుకు ఇదే. టికెట్ పది రూపాయలకి దొరికితే ఆ గ్రిఫిన్ మీకు ఎదురయ్యేదే కాదు.

పాత అభిమానుల కోపం మాత్రం వేరే, దాన్ని కొట్టిపారేయలేను. మొదటి గేమ్ 2012లో వచ్చినప్పుడు అందులోనూ వాడితే అయిపోయే టికెట్లే. 2013లో దాని విస్తరించిన వెర్షన్ డార్క్ అరైజెన్ వచ్చినప్పుడు ఎటర్నల్ ఫెర్రీస్టోన్ అని ఒకటిచ్చారు, ఎన్నిసార్లు వాడినా తరగదు. అంటే జీవితకాలం చెల్లే బస్ పాస్. చాలామందికి ఈ సిరీస్ పరిచయమైందే ఆ పాస్‌తో. పదకొండేళ్ళు ఎదురుచూసి సీక్వెల్ కొంటే, పాస్ వెనక్కి తీసుకుని మళ్ళీ టికెట్ తీసుకోమన్నారు. కోపం రాదా మరి?

ఇప్పుడు ఇత్సునో మాట ఎక్కడ తిరగబడిందో చెప్తాను. దారి ఆసక్తిగా ఉంటే అన్నాడు కదా, అది మొదటి సగంలో నిజం. సరిహద్దు దాటి బట్టాల్ అనే రెండో దేశంలోకి వెళ్ళాక లెవెల్ పెరిగి ఉంటుంది, చేతిలో మంచి ఆయుధం ఉంటుంది, అయినా నాలుగడుగులకోసారి ఎదురయ్యేది అవే గాబ్లిన్లు, అవే సారియన్లు, అవే హార్పీలు, మహా అయితే రంగు మారి పేరు ముందు ఒక తోక తగిలించుకుని వస్తారు. అవి మిమ్మల్ని చంపలేవు. కానీ వదలవు. ఒక చిన్న క్వెస్ట్ కోసం పోయిన దారినే మళ్ళీ పోవాలి, మళ్ళీ రావాలి, ప్రతిసారీ అదే వంతెన దగ్గర అదే గుంపు. బట్టాల్‌లో రోప్‌వేలు ఉన్నాయి, మొదటిసారి ఎక్కితే హార్పీలు వచ్చి మీద పడటం థ్రిల్లే, ఆ తర్వాత ఎక్కేముందే చిరాకు మొదలవుతుంది. నాన్‌స్టాప్ టికెట్ ఖరీదు పెంచితే పల్లెవెలుగు కిటికీలోంచి చూడటానికి ఏదైనా ఉండాలి. సగం దారి నుంచి కిటికీ బయట ఒకే చెట్టు కనిపిస్తోంది. ఇదీ అసలు ఫిర్యాదు. మొదటి గేమ్‌లోనూ శత్రువుల రకాలు తక్కువేనని అప్పట్లోనే అన్నారు, పదేళ్ళు దాటాక అదే తప్పు పెద్ద మ్యాప్ మీద పరిచారు.

ఇక టైటిల్‌లో పెట్టిన తెలివితక్కువ పని. రివ్యూలు ఆకాశానికెత్తేశాయి, జనం డబ్బులు కట్టి కూర్చున్నారు, రిలీజ్ రోజు పీసీ గేములు అమ్మే స్టీమ్‌లో దీని పేజీ కిందకి స్క్రోల్ చేస్తే బారెడు డీఎల్‌సీ లిస్టు, అంటే విడిగా డబ్బు కట్టి కొనుక్కునే అదనపు సరుకు. పోర్ట్‌క్రిస్టల్ ఒకటి. మొహం మార్చుకునే ఆర్ట్ ఆఫ్ మెటమార్ఫసిస్ ఒకటి. చచ్చినవాళ్ళని లేపే వేక్‌స్టోన్లు, పాన్స్‌ని కిరాయికి తెచ్చుకునే రిఫ్ట్ క్రిస్టల్స్, తేలికపాటి క్యాంపింగ్ కిట్, ఆఖరికి జైలు తలుపు తీసే తాళంచెవి. చిరిగిన టికెట్ ముక్కలు ఒక్కటే తక్కువ.

వింతేంటంటే ఇవన్నీ ఆట ఆడుతుంటే దొరికేవే. ఎవరికీ అవసరం లేని సరుకు. క్యాప్‌కామ్‌కి ఇది పాత అలవాటు కూడా, 2019లో డెవిల్ మే క్రై 5లో ఆ ఆటలో చెల్లే డబ్బు రెడ్ ఆర్బ్స్ అమ్మారు, అదీ ఇత్సునో గేమే, 2023లో రెసిడెంట్ ఈవిల్ 4 రీమేక్‌లో ఆయుధాల అప్‌గ్రేడ్ టికెట్లు అమ్మారు. అప్పుడు గొణుక్కుని ఊరుకున్నారు జనం, ఇక్కడ మాత్రం పేలింది. ఎందుకంటే ఈ గేమ్ నిలబడిందే కష్టం మీద. రాత్రి చీకటి, బరువు, హెల్త్ తగ్గడం, టికెట్ ధర, వీటన్నిటికీ ఆటగాడు ఒప్పుకోవాలంటే, "ఇది నా ఆట బాగుండటానికే పెట్టారు" అని నమ్మాలి. డిపో గేటు దగ్గర కొట్టు పెట్టారంటే ఆ నమ్మకం పోయినట్టే. ఇక ప్రతి కష్టం దగ్గరా "ఇది ఆట కోసమా, కొట్టు కోసమా" అన్న అనుమానమే. నిజానికి కొట్టులో సరుకుకీ ఆ కష్టానికీ సంబంధం లేదు, కానీ అది నిరూపించాలంటే నాలాంటోడు వీడియో చేయాలి. రిలీజ్ రోజుల్లో స్టీమ్‌లో ఒకేసారి 2 లక్షల మందికి పైగా ఆడిన గేమ్‌కి అప్పుడొచ్చిన రేటింగ్ "మోస్ట్‌లీ నెగటివ్". ఆ కొట్టు మీద ఎంత సంపాదించారో గానీ, పోగొట్టుకున్న పరువుకి అది సరిపోయి ఉంటుందని నేననుకోను.

టైమ్ చూస్తే అయిపోతోంది, ఇంకా నా లిస్టులో సగం ఉంది. గబగబా వెళ్దాం.

సేవ్. రిలీజ్ నాటికి ఒక్కటే స్లాట్. ఆటోసేవ్ ఒకటి, ఆఖరిసారి ఇన్‌లో (సత్రంలో) పడుకున్నప్పటిది ఒకటి, అంతే. కావాలనే పెట్టారు, చేసిన పనికి ఫలితం అనుభవించాలని. అది నేను ఒప్పుకుంటాను. కానీ రిలీజ్ రోజున పీసీలో "న్యూ గేమ్" బటనే లేదు! మళ్ళీ మొదలుపెట్టాలంటే సేవ్ ఫైల్ వెతికి చెరిపేసుకోవాలి. ఇది డిజైన్ కాదు, నిర్లక్ష్యం. వారం తిరిగేసరికి ప్యాచ్ అనే అప్‌డేట్‌లో ఇచ్చారు, అంటే ఇవ్వగలరన్నమాటే కదా. అదే ప్యాచ్‌లో మెటమార్ఫసిస్ పుస్తకాలు పాన్ గిల్డ్‌లో 99 దాకా కొనుక్కునేలా చేశారు.

పెర్ఫార్మెన్స్. వెర్న్‌వర్త్ నడిబజార్లోకి వెళ్ళగానే ఫ్రేములు పడిపోయేవి, అంటే బొమ్మ ఆగి ఆగి కదిలేది. ఊళ్ళో జనం ప్రతి ఒక్కరి లెక్కా సీపీయూ మీద పడుతోందని కంపెనీ వాళ్ళే వివరణ ఇచ్చారు. ఇది విన్న కొందరు ఆటగాళ్ళు ఫ్రేములు పెంచుకోవడానికి ఊళ్ళోవాళ్ళని వరసగా చంపడం మొదలుపెట్టారు. తర్వాతి ప్యాచ్‌లలో బాగుపడింది, పూర్తిగా కాదు.

స్కిల్స్, అంటే ఒకేసారి పెట్టుకోగల ప్రత్యేక దెబ్బలు. మొదటి గేమ్‌లో రెండు ఆయుధాలకీ మూడేసి, మొత్తం ఆరు. ఇందులో నాలుగు. కారణం ఏదైనా సరే, నాకు నచ్చలేదు.

డ్రాగన్స్‌ప్లేగ్. దీనికి విడిగా వీడియో చేయాలి అసలు. మీ పాన్‌కి ఒక జబ్బు అంటుకుంటుంది, తలనొప్పి అంటుంది, చెప్పిన మాట వినదు, కళ్ళు ఎర్రగా మెరుస్తాయి. పట్టించుకోకుండా ఇన్‌లో పడుకున్నారో, పొద్దున లేచేసరికి ఊరు ఊరంతా శవాలు. క్వెస్టులిచ్చేవాళ్ళు, కొట్లవాళ్ళు, అందరూ. ఐడియాగా చూస్తే ఇంత ధైర్యం ఈ మధ్య ఏ పెద్ద గేమూ చేయలేదు. కానీ ఇన్‌లో పడుకుంటే సేవ్ అవుతుంది, ఉన్నది ఒక్క స్లాటే, కాబట్టి మీ రెండు సేవ్‌లూ ఆ శవాల మధ్యలోనే మొదలవుతాయి. విడివిడిగా రెండూ మంచి నిర్ణయాలే, కలిపి వడ్డించారు. 2024 ఏప్రిల్ ప్యాచ్‌లో జబ్బు అంటుకోవడం తగ్గించి, కళ్ళ మెరుపు ఇంకా స్పష్టంగా కనపడేలా మార్చారు. వైద్యం ఏంటో తెలుసు కదా, పాన్‌ని ఎత్తి లోతు నీళ్ళలో పడేయడం. వెనక్కి వచ్చాక మొహమాటం లేకుండా, ఆటలో మీ బిరుదుతో మళ్ళీ "అరైజెన్" అని పిలుస్తుంది పాపం.

టైటిల్ స్క్రీన్ గురించి కూడా చెప్పాలనుకున్నాను, గేమ్ మొదట్లో పేరు పక్కన "2" ఉండదు, అన్‌మూర్డ్ వరల్డ్ అనే ఆఖరి భాగానికి చేరాకే వస్తుంది. చాలామంది అక్కడిదాకా వెళ్ళనే లేదు, అసలు కథ అయిపోయిందనుకుని ముందే ఆపేశారు. ఇత్సునో 2024 ఆగస్టు ఆఖరుకి క్యాప్‌కామ్ వదిలేశాడు, కాబట్టి మూడోది వస్తే టికెట్ ధర ఇంకెవరో పెడతారు.

చివరగా, ఇప్పుడే మొదలుపెడుతున్నవాళ్ళకి ఒక్కటి. ఆటలో స్ఫింక్స్ అనే జీవి అడిగే పొడుపుకథల్లో ఒకటుంది, మ్యాప్ అంతా దాచిపెట్టిన సీకర్స్ టోకెన్లలో మీకు మొట్టమొదటిది ఎక్కడ దొరికిందో అక్కడికి తిరిగి వెళ్ళమంటుంది, ఏడు రోజుల గడువు. టోకెన్లు మొత్తం 240. మొదటిది ఏ కొండ మీద ఏరుకున్నారో ఎవడికి గుర్తుంటుంది, మ్యాప్ కూడా గుర్తుపెట్టుకోదు. కాబట్టి మొదటి టోకెన్ చేతికి రాగానే ఆగి, మ్యాప్ తెరిచి, స్క్రీన్‌షాట్ తీసుకోండి. ఇప్పటికే యాభై ఏరేశారా? అయితే ఏ చోటు అనిపిస్తోందో కింద రాయండి, ఆట మొదట్లో వచ్చే మెల్వ్ పల్లె చుట్టుపక్కల నుంచి వెతుకుదాం.