అమ్ముకోవచ్చా అని అడిగింది

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లు ఇప్పటికే రెండుసార్లు చదివారు, మూడోసారి నేను చదవను. కోర్టు తీర్పులతో ఆస్తి హక్కు ఎలా మారుతుందో చెప్పమన్నారు. ఇంగ్లండు నుంచి మొదలుపెట్టి నోట్సు రాసుకొచ్చాను. దాన్ని పక్కన పెట్టి మన నెల్లూరు కేసు చెబుతా.

తులసమ్మగారి భర్త 1931లో పోయారు. ఉమ్మడి కుటుంబం, ఆస్తి భర్త సోదరుడి చేతిలో ఉంది. 1944లో ఆమె మనోవర్తికి కోర్టుకెక్కారు. డిక్రీ వచ్చాక 1949లో రాజీ కుదిరింది. కొంత ఆస్తి ఇస్తాం, బతికున్నంతకాలం అనుభవించు, అమ్మడానికి మాత్రం వీల్లేదు అని.

1956లో హిందూ వారసత్వ చట్టం వచ్చింది. స్త్రీ స్వాధీనంలోని ఆస్తికి ఆమే పూర్తి హక్కుదారు అంది 14వ సెక్షన్. అక్కడితో ఆగితే బాగుండేది! షరతు పెట్టి ఇచ్చిన ఆస్తికి షరతే చెల్లుతుందని దాని కిందే ఇంకో మాట చేర్చారు. 1960, 61లలో ఆమె కొంత కౌలుకిచ్చి, కొంత అమ్మారు. ఇక ఆ సోదరుడి దావా. హైకోర్టులో తులసమ్మగారు ఓడిపోయారు. 1977లో సుప్రీంకోర్టు గెలిపించింది. మనోవర్తి హక్కు రాజీ కాగితంతో పుట్టింది కాదు, ముందు నుంచీ ఉన్నదే; దానికి బదులుగా ఇచ్చిన ఆస్తికి ఆ షరతు అంటదు అంది. పార్లమెంటు ఒక్క అక్షరం మార్చలేదండీ!

ఇప్పుడు నా సంగతి. 1983లో నేను జూనియర్ లాయర్‌ని. ఒక వితంతువుకు మనోవర్తి కింద ఎకరంన్నర ఇస్తూ రాజీ. సీనియర్‌గారు చెబుతున్నారు, నేను రాస్తున్నాను: 'దాన విక్రయాది హక్కులు లేక యావజ్జీవము అనుభవించునట్లు'. తులసమ్మగారి తీర్పు వచ్చి అప్పటికి ఆరేళ్లయింది. అది అచ్చయిన పుస్తకం మా ఆఫీసు బీరువాలోనే ఉంది. వేలిముద్ర వేస్తూ ఆమె, "నాయనా, పిల్ల పెళ్లికి అమ్ముకోవచ్చా?" అంది. కాగితంలో ఉన్నదే చెప్పాను, వీల్లేదమ్మా అని. అప్పుచేసి పెళ్లి చేసిందని తర్వాత తెలిసింది.

జూనియర్లూ, నవ్వకండి. నిరుడు ఈ వాక్యం రాసినవాళ్లు మీలో ఎంతమంది? చేతులెత్తక్కర్లేదు, నాకు తెలుసు.

పైగా ఇదీ పూర్తిగా తేలలేదు. ఈ సెక్షన్ మీద తమ తీర్పులకే పొంతన లేదని 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు విషయాన్ని పెద్ద ధర్మాసనానికి పంపింది. దాని గురించి చెప్పాలనే వచ్చాను, టైమైపోయింది.

ఆ రాజీ చిత్తుప్రతి నా దగ్గరే ఉంది, నా దస్తూరీయే. సంచిలో తెచ్చాను. భోజనాల దగ్గర అడిగితే చూపిస్తా.