హోమర్ కావ్యాల్లో పెళ్లి: ఆండ్రోమకీ, బ్రిసీస్, పెనెలోపీ

నమస్కారం.

ప్రాచీన గ్రీకు కవి హోమర్ కావ్యం ఇలియడ్, ట్రాయ్ నగరం మీద గ్రీకులు చేసిన యుద్ధం కథ. దాని 23వ భాగంలో ఒక కుస్తీ పోటీ ఉంది. చనిపోయిన ప్రాణస్నేహితుడు పట్రోక్లస్ గౌరవార్థం గ్రీకు వీరుడు అకిలీస్ పెట్టిన ఆటల్లో అదొకటి. గెలిచినవాడికి పొయ్యి మీద పెట్టుకునే పెద్ద ముక్కాలి పాత్ర ఇస్తారు. దాని ఖరీదు 12 ఎద్దులని అక్కడివాళ్లే లెక్కగట్టారు. ఓడినవాడినీ ఉత్త చేతులతో పంపరు, ఒక ఆడమనిషిని ఇస్తారు. నానా పనులూ వచ్చిన మనిషి. ఆమె ఖరీదు 4 ఎద్దులు.

ఆమె పేరు కవి చెప్పడు. వెంటనే కుస్తీలోకి వెళ్లిపోతాడు.

ఇదే కావ్యంలో, ఇలాంటి ఆడవాళ్లలో కొందరికి నోరు విప్పే అవకాశం దొరుకుతుంది. అప్పుడు వాళ్లు చెప్పే మాటలు వింటే, మగవాళ్ల పరాక్రమం మొత్తం వేరేలా కనిపిస్తుంది. ఈ వీడియోలో మనం వినబోయేది ఆ మాటలే.

[తెర మీద: ఇలియడ్, ఒడిస్సీ. ఒక్కొక్కటి 24 భాగాలు. సుమారు క్రీ.పూ. 8, 7 శతాబ్దాలు]

ముందు పెళ్లి పద్ధతి చూద్దాం. ఈ కావ్యాల్లో ఎక్కువగా మగపిల్లవాడే ఆడపిల్ల తండ్రికి ఇచ్చుకుంటాడు. మనవైపు ఓలి అనేవారు చూడండి, దాదాపు అలాంటిదే. ఇఫిడమస్ అనే కుర్రాడు ముందుగా 100 పశువులిచ్చి, 1000 మేకలు, గొర్రెలు తర్వాత ఇస్తానని మాటిచ్చి పెళ్లి చేసుకున్నాడు. పెళ్లి కాగానే ట్రాయ్ యుద్ధానికి వచ్చి, గ్రీకుల సేనాని ఆగమెమ్నాన్ చేతిలో చచ్చిపోయాడు. అంత ఇచ్చి చేసుకున్న భార్యతో సుఖపడిందేమీ లేదే అని కవి జాలిపడతాడు. ఆ అమ్మాయి గురించి మాత్రం ఒక్క ముక్క లేదు.

అదే ఆగమెమ్నాన్, అలిగి కూర్చున్న అకిలీస్‌ని బతిమాలుకోవడానికి 9వ భాగంలో ఏమంటాడంటే, నా ముగ్గురు కూతుళ్లలో నచ్చినదాన్ని తీసుకో, ఓలి అక్కర్లేదు, పైగా ఏడు ఊళ్లు నేనే ఇస్తాను అంటాడు. వాళ్లిద్దరి గొడవ మొదలైందే బ్రిసీస్ అనే బందీని అకిలీస్ దగ్గరినుంచి ఆగమెమ్నాన్ లాక్కోవడంతో. ఆ గొడవకి సర్దుబాటు కూడా ఆడపిల్లతోనే! కూతుళ్లని అడిగాడా అంటే, ఆ ఊసే లేదు.

ఇప్పుడు 6వ భాగానికి వద్దాం. నాకు ఇలియడ్ మొత్తంలో ఇదే గుండెకాయ.

ట్రాయ్ కోట గుమ్మం దగ్గర, ఆ ఊరి రాకుమారుడు, సేనాని హెక్టర్‌కి భార్య ఆండ్రోమకీ ఎదురొస్తుంది. వెనక దాది చంకలో పసివాడు. ఆమె పుట్టిల్లు థీబీ అనే ఊరు. అకిలీస్ ఆ ఊరిని కొల్లగొట్టి ఆమె తండ్రిని, ఏడుగురు అన్నదమ్ముల్ని చంపేశాడు. బందీగా పోయిన తల్లి సొమ్ము కట్టాక విడుదలై, ఆ తర్వాత చనిపోయింది. అందుకే అంటుంది: "హెక్టర్, నాకు తండ్రీ నువ్వే, తల్లీ నువ్వే, తోడబుట్టినవాడూ నువ్వే, కట్టుకున్నవాడివీ నువ్వే." ఇందులో ప్రేమ ఉంది, దానితో పాటు లెక్క కూడా ఉంది. ఆమెకి నిజంగానే ఇంకెవరూ మిగల్లేదు.

చాలామంది గమనించని సంగతి ఆ తర్వాత వస్తుంది. ఆమె యుద్ధం గురించి సలహా ఇస్తుంది. అడవి అత్తిచెట్టు దగ్గర గోడ ఎక్కడం తేలిక, ఇప్పటికే మూడుసార్లు అటువైపు నుంచి వచ్చారు, సైన్యాన్ని అక్కడ నిలబెట్టు అంటుంది. హెక్టర్ దానికి జవాబే ఇవ్వడు. తను వెనక్కి తగ్గితే ఊళ్లో ఆడా మగా ముందు తలెత్తుకోలేనంటాడు. చివరికి, ఇంటికెళ్లి మగ్గం, కదురు చూసుకో, యుద్ధం మగవాళ్లు చూసుకుంటారు అంటాడు.

అతను మొరటువాడు కాడు. ట్రాయ్ పడిపోతుందని అతనికి తెలుసు. తల్లిదండ్రుల కన్నా, తమ్ముళ్ల కన్నా నిన్ను తలచుకుంటేనే నాకు బాధ అంటాడు. ఎవరో గ్రీకువాడు నిన్ను ఏడుస్తుంటే లాక్కెళతాడు, పరాయి ఇంట్లో మగ్గం నేస్తావు, నీళ్లు మోస్తావు, చూసినవాళ్లు "ఈమె హెక్టర్ పెళ్లాం" అని చెప్పుకుంటారు అంటాడు.

[తెర మీద: చిన్న మ్యాప్. ట్రాయ్, థీబీ, లిర్నెసస్]

అతను ఊహించిన ఆ బతుకు అప్పటికే ఒకామె బతుకుతోంది. ఆమే బ్రిసీస్. అకిలీస్ థీబీతో పాటు లిర్నెసస్ అనే ఊరినీ కొల్లగొట్టాడు. బ్రిసీస్‌ని పట్టుకొచ్చింది అక్కడినుంచే. 19వ భాగం దాకా ఆమె మాట్లాడదు. పట్రోక్లస్ శవాన్ని చూశాక నోరు తెరుస్తుంది. నా భర్త ఊరి ముందే నరకబడటం చూశాను, ముగ్గురు అన్నదమ్ములూ అదే రోజు పోయారు అంటుంది. పట్రోక్లస్, అకిలీస్ నా భర్తని చంపినప్పుడు నన్ను ఓదార్చింది నువ్వే, అకిలీస్‌కి నన్ను పెళ్లి భార్యని చేస్తానన్నావు, అతని దేశంలో పెళ్లి విందు చేస్తానన్నావు అని ఏడుస్తుంది.

మొగుణ్ణి చంపినవాడితో పెళ్లి. ఆమె ముందున్న దారుల్లో అదే మంచిది. పెళ్లి ఎంత పెద్ద నీడో, ఆ నీడ ఎంత ఘోరమైన చోట వెతుక్కోవాల్సి వచ్చిందో ఆ కొద్ది పంక్తుల్లోనే తెలుస్తుంది. ఇక అకిలీస్ మాటేమిటి? 9వ భాగంలో ఆమెని మనస్ఫూర్తిగా ప్రేమించానంటాడు. 19వ భాగం మొదట్లోనే, ఆమె దొరికిన రోజే చచ్చిపోయి ఉంటే బాగుండేది అంటాడు. బ్రిసీస్ ఏడుస్తుంటే చుట్టూ ఉన్న ఆడవాళ్లూ ఏడ్చారట, పట్రోక్లస్ పేరు పెట్టుకుని, ఎవరి కష్టానికి వాళ్లు. ఈ మాట రాసిన కవికి ఆ ఆడవాళ్ల ధర 4 ఎద్దులు కాదని బాగా తెలుసు.

22వ భాగంలో హెక్టర్ చచ్చిపోతాడు. ఆండ్రోమకీకి ఇంకా తెలియదు. ఇంట్లో ఊదారంగు బట్ట మీద పూలు నేస్తూ, మొగుడొస్తాడు, స్నానానికి నీళ్లు కాచమని పనివాళ్లకి చెబుతుంటుంది. గోడ మీంచి ఏడుపు వినిపిస్తుంది. పరుగెత్తి చూసి, స్పృహ తప్పి పడుతూ తలమీది ముసుగు విసిరేస్తుంది. అది ఆమె పెళ్లినాడు అఫ్రొడైటీ దేవత ఇచ్చిన ముసుగు. హెక్టర్ లెక్కలేనంత ఓలి ఇచ్చి ఆమెని తీసుకెళ్లిన రోజది.

ఒడిస్సీ, ట్రాయ్ యుద్ధానికి వెళ్లిన ఒడిస్యూస్ తన భార్య పెనెలోపీ దగ్గరికి తిరిగొచ్చే కథ. ఇందులో పెళ్లి నిలబడుతుంది. అందులోనూ కొడుకు టెలిమాకస్, తల్లి పెనెలోపీతో దాదాపు హెక్టర్ మాటలే అంటాడు: లోపలికెళ్లి మగ్గం చూసుకో, మాట్లాడటం మగవాళ్ల పని. ఆమె ఆ మగ్గాన్నే ఆయుధం చేసుకుంది. మామగారికి శవవస్త్రం నేస్తున్నానంటూ పగలు నేసి, రాత్రి విప్పి, పెళ్లికి ఎగబడ్డ 108 మందిని మూడేళ్లు ఆపింది. ఇరవై ఏళ్లకి ఒడిస్యూస్ తిరిగొస్తే వెంటనే నమ్మలేదు. "ఆయన చేసిన మంచం బయట వెయ్యండి" అని దాసితో అంది. అతను మండిపడ్డాడు. నాటుకుని ఉన్న ఆలివ్ చెట్టు మొదలునే కోడుగా మలిచి చేసిన మంచం అది, ఎవరు కదిలించారు అని అరిచాడు. ఆ రహస్యం తెలిసిన మగవాడు అతనొక్కడే కనుక ఆమె పరుగెత్తి మెడ చుట్టుకుంది. పరీక్ష పెట్టింది భార్య, దొరికిపోయింది మహా మాయగాడు! ఆ ఇరవై ఏళ్లలో ఏడేళ్లు అతను కాలిప్సో అనే దేవత దగ్గరున్నాడు. దానికి ఎవరూ పరీక్ష పెట్టరు.

చదవాలనుకుంటే మంచం ఘట్టానికి నేరుగా వెళ్లకండి, ముందు ఒడిస్సీ 22వ భాగం చివర చదవండి. ఆ ఇంట్లో 50 మంది దాసీలు. వాళ్లలో 12 మంది పెళ్లికొచ్చినవాళ్లతో కలిశారని టెలిమాకస్ ఒకే తాడుకి ఉరి తీయిస్తాడు. వలలో చిక్కిన పిట్టల్లా కాళ్లు కాసేపు కొట్టుకున్నాయని కవి అంటాడు. వాళ్లు ఇష్టపడి వెళ్లారో, కాదనలేక వెళ్లారో అక్కడ ఎవరూ అడగలేదు. అప్పుడు పెనెలోపీ పైగదిలో నిద్రపోతోంది.