చేత్తో కుట్టిన కానుకలు, మధ్యలో అత్తయ్య చీర

శ్రావణి: నమస్కారం, కుట్టు, అల్లిక కబుర్లతో మళ్ళీ మేమే. హైదరాబాద్ నుంచి నేను శ్రావణిని. అటు రాజమండ్రి నుంచి మా లలిత వదిన.

లలిత: అందరికీ నమస్కారం. నేను చేస్తున్న బొమ్మ ఏనుగు సంగతి ఏమైందని మెసేజ్‌లు పెట్టారుగా, ఏనుగు క్షేమంగా ఉంది. తొండం కూడా అయిపోయింది.

శ్రావణి: అమ్మయ్య. నాకు వారం నుంచీ టెన్షనే. సరే, ఈసారి సంక్రాంతికి చేత్తో కుట్టి, అల్లి ఇచ్చే కానుకల గురించి మాట్లాడదాం అనుకున్నాం. నేను జాబితా రాసుకొచ్చాను. గుమ్మం తోరణం, చేతిసంచి, దిండు గలీబులు, మఫ్లరు, చంటిపిల్లల మేజోళ్ళు...

లలిత: బొంత రాశావా?

శ్రావణి: లేదు.

లలిత: ఎందుకని?

శ్రావణి: పండక్కి బొంత ఎవరిస్తారు వదినా? పాత గుడ్డలు కదా అవి. మన ఇంట్లో మనం కప్పుకుంటే బాగుంటుంది. ఇంకొకరి చేతిలో పెడితే, వాడేసిన బట్టలు మాకిచ్చారేంటి అనుకుంటారు.

లలిత: ఆ మాట నేను ఒప్పుకోను. బిడ్డ పుట్టగానే మొదట ఒంటికి తగిలే గుడ్డ ఏది? పాత చీరే. మన ఇళ్ళల్లో చాలామంది బారసాల దాకా కొత్త బట్ట వెయ్యరు. కొత్త గుడ్డలో గంజి ఉంటుంది, బిరుసుగా ఉంటుంది. వంద ఉతుకులు పడ్డ నూలు చీరకున్న మెత్తదనం ఏ షాపులోనూ దొరకదు. పుట్టిన బిడ్డకే పాతది పనికొచ్చినప్పుడు పెద్దవాళ్ళకి పనికిరాదా?

శ్రావణి: చంటిపిల్లల సంగతి వేరు.

లలిత: వేరేం కాదు. నూలైతే చాలు. ఒక్క షరతే, నూలు అయ్యుండాలి. పాలిస్టరు చీర పొరలు ఒకదానిమీద ఒకటి జారిపోతుంటాయి, చెమట పీల్చవు, కప్పుకుంటే ఉక్క.

శ్రావణి: నూలు గురించి మొదలెట్టారు. వినేవాళ్ళు టీ పెట్టుకోండి.

లలిత: పెట్టుకోనీ, మంచిదే. మంగళగిరి, వెంకటగిరి, చీరాల... మన చుట్టూ ఇంత నేత ఉంది. శ్రీకాకుళం వైపు పొందూరులో ఇవాళ్టికీ పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి, ఆ తర్వాత చేత్తో వడుకుతారు. అంత శ్రమపడి చేసిన బట్ట చిరగ్గానే అవతల పారేస్తామా? చిరిగాక దానికి రెండో పని ఉంటుంది. ఆ పనే బొంత.

శ్రావణి: ఇప్పుడు నిజం చెప్పండి వదినా. బొంత మాట ఊరికే ఎత్తలేదు మీరు.

లలిత: ఊరికే ఎత్తలేదు. దీని గురించి ఇక్కడ మాట్లాడదామని మొన్న ఫోన్లో అడిగితే నువ్వేగా సరేనన్నావు.

శ్రావణి: అన్నాను. వినేవాళ్ళకి చెప్తాను. మా మేనకోడలికి, అంటే వదిన కూతురికి, ఉగాది వేళకి పురుడు. మా అమ్మ చీరలు ఇంకా బీరువాలోనే ఉన్నాయి. వాటితో ఆ బిడ్డకి బొంత కుడతానంటారు వదిన. నేను వద్దంటున్నాను.

లలిత: అత్తయ్య ఉంటే ఆవిడే కుట్టేది.

శ్రావణి: అమ్మ ఉంటే ఆ చీరలు అమ్మ కట్టుకునేది.

లలిత: సరే, నీ అభ్యంతరం ఏంటో వివరంగా చెప్పు. మొన్న పూర్తిగా చెప్పలేదు.

శ్రావణి: ఒకటి, కత్తెర. అమ్మ చీర మీద కత్తెర పెట్టడం నావల్ల కాదు, ఇంకొకరు పెడుతుంటే చూడలేను కూడా. రెండు, చుట్టాలు. పోయినవాళ్ళ చీర చంటిపిల్లకా అని మొన్ననే ఒకావిడ అడిగేసింది. ఆ మాట మేనకోడలి చెవిన పడకూడదు. నిండు మనిషి.

లలిత: రెండోదానికి ముందు చెప్తాను. ఇలాంటి పట్టింపు కొన్ని ఇళ్ళల్లో ఉంది, కాదనను. మా పుట్టింట్లో మాత్రం మా తమ్ముడి పొత్తిళ్ళు మా నాయనమ్మ చీరలే, అప్పటికి ఆవిడ లేదు. ఇలా చేస్తున్నానని అమ్మాయికి నేనే ఫోన్ చేసి చెప్పాను. నాయనమ్మ చీర అనగానే ఏడ్చింది, కుట్టమంది. తల్లికి ఇష్టమైతే మిగతావాళ్ళ మాటతో నాకు పనిలేదు.

శ్రావణి: దానికి చెప్పారా? నాకు తెలీదు.

లలిత: నిన్నే చెప్పాను. ఇక కత్తెర సంగతి. బొంతకి చీర కత్తిరించాలని ఎవరన్నారు? అయిదున్నర మీటర్ల చీర పొడవుని మూడు మడతలు వేస్తే ఒక్కో మడత రెండు మీటర్లకి కాస్త తక్కువ. అడ్డం చీర పన్నా. అంటే కత్తెర ముట్టకుండానే మూడు పొరల బొంత వచ్చేస్తుంది. నేలమీద చాప పరిచి, మడతేసిన చీర వేసి, ముడతలు లేకుండా చేత్తో సవరించి, నాలుగు మూలలా బరువులు పెడతాం. ముందు పెద్ద పెద్ద టాకాలు. నడిమి నుంచి అంచులకి వెయ్యాలి, అప్పుడు ముడత ఉన్నా బయటికి పోతుంది. ఆ తర్వాత అసలు కుట్టు. ఇందులో కత్తెర దారానికి తప్ప దేనికీ తగలదు.

శ్రావణి: దారం మూరెడే!

లలిత: మూరెడే. బారెడు తీసుకుంటే చిక్కుపడుతుంది, లాగి లాగి పీచు లేస్తుంది. ఇంకో మాట. సాదా కుట్టే కాబట్టి ఎప్పుడైనా నీకు కావాలంటే విప్పేసుకోవచ్చు. చీర మళ్ళీ చీరే.

శ్రావణి: అమ్మ వెంకటగిరి చీరకి జరీ అంచుంది వదినా. చంటిపిల్ల ఒంటికి గుచ్చుకోదా? దాన్ని కత్తిరించకుండా ఏం చేస్తారు?

లలిత: ...

శ్రావణి: చెప్పండి.

లలిత: మంచి ప్రశ్నే. అంచుని లోపలికి మడిచి పొరల మధ్యలో పెట్టొచ్చు. కాకపోతే అక్కడ గట్టిగా, గీతలా తగులుతుంది. చంటిపిల్లకి నాకూ నచ్చదు.

శ్రావణి: కాబట్టి వెంకటగిరి వద్దు.

లలిత: వెంకటగిరి వద్దు, ఒప్పుకున్నాను. ఇంట్లో కట్టుకునేదే, ఆ ఆకుపచ్చ గళ్ళ చీర... జరీ లేదు, బాగా నలిగింది. పైగా గళ్ళ చీరైతే సుద్దముక్కతో గీతలు గియ్యక్కర్లేదు, గడి వెంబడే సూది నడిపించుకుంటూ పోవచ్చు. కుట్టు వంకర పోదు.

శ్రావణి: ఆకుపచ్చ గళ్ళ చీర నా గదిలో ఉంది.

లలిత: తెలుసు.

శ్రావణి: అది ఇంకా ఉతకలేదు వదినా. ఆసుపత్రి నుంచి వచ్చాక తీసి పెట్టిందే. మీరు కుట్టాలంటే ముందు ఉతుకుతారు. చంటిపిల్లకి కాబట్టి వేడినీళ్ళలో ఉతుకుతారు, ఎండలో వేస్తారు. ఉతకాల్సిందే, నాకు తెలుసు. కానీ ఉతికాక అందులో అమ్మ ఉండదు.

లలిత: ...అది నాకు తట్టలేదమ్మా.

శ్రావణి: ఇదంతా తీసెయ్యమంటారా రికార్డింగ్‌లోంచి?

లలిత: నీ ఇష్టం. నాకైతే ఉంచాలనే ఉంది. ఇలా బీరువాలో దాచుకున్నవాళ్ళు చాలామంది ఉంటారు.

శ్రావణి: ఉంచుదాం.

లలిత: నిన్ను ఒప్పించడానికి కాదు గానీ, ఒకటి చెప్పనా? అమెరికాలో అలబామా రాష్ట్రంలో గీస్ బెండ్ అని చిన్న ఊరుంది. పత్తి పొలాల్లో పనిచేసిన నల్లజాతి కుటుంబాల ఊరు. అక్కడి ఆడవాళ్ళు చిరిగిన పనిబట్టలతో తరతరాలుగా బొంతలు కుట్టారు. 2002లో హ్యూస్టన్ మ్యూజియంలో వాటిని గోడలకి వేలాడదీసి ప్రదర్శన పెట్టారు. 2006లో అమెరికా తపాలాశాఖ వాటి బొమ్మలతో స్టాంపులు వేసింది. ఆ ఊరి బొంతల్లో మిస్సోరి పెట్‌వే అనే ఆవిడ 1942లో కుట్టినది ఒకటుంది. భర్త చనిపోతే ఆయన పొలానికి వేసుకెళ్ళిన బట్టలు విప్పి, అతికి కుట్టింది. ఆయన్ని తలుచుకుంటూ కప్పుకోవడానికి. మోకాళ్ళ దగ్గర వెలిసిపోయిన ప్యాంటు గుడ్డ అలాగే కనపడుతుంది అందులో.

శ్రావణి: ఫోటో చూశాను. మీరే పంపారు. చూసి చాలాసేపు కూర్చుండిపోయాను.

లలిత: ఆవిడా ఉతికే ఉంటుంది కదా.

శ్రావణి: ఉతికే ఉంటుంది.

లలిత: ఇంకోటి. బీరువాలో ఉంచితే చీర అలాగే ఉంటుందనుకోకు. ఒకే మడతలో ఏళ్ళ తరబడి పెడితే మడత దగ్గరే పట్టు తప్పి చిరుగుతుంది. అప్పుడప్పుడు తీసి, గాలి తగలనిచ్చి, మడత మార్చి పెట్టాలి. కలరా ఉండలు జరీకి ఆనకుండా చూడాలి, నల్లబడుతుంది. నువ్వు ఆ చీర ఇవ్వకపోయినా సరే, ఈ పని మాత్రం చెయ్యి.

శ్రావణి: చేస్తాను. ఆలోచిస్తాను కూడా. ఇవాళ సరే అని మాత్రం అనలేను.

లలిత: ఇవాళ అనొద్దు. ఉగాదికి టైముంది.

శ్రావణి: మరి బొంత ఆ బిడ్డకి కప్పుతారా? మా ఫ్రెండ్ పిల్లల డాక్టరు. ఏడాది నిండేదాకా నిద్రలో దుప్పటి గానీ బొంత గానీ వదులుగా కప్పొద్దంటుంది, ముఖం మీదికి వస్తే ఊపిరాడదని.

లలిత: కప్పను. మెలకువగా ఉన్నప్పుడు నేలమీద పరిచి బోర్లా పడుకోబెట్టుకుని ఆడించుకోవడానికి. పక్కన మనిషి ఉండాలి. నాకు అక్కర్లేదు గానీ వినేవాళ్ళకి చెప్పాలి, మంచిపని చేశావు.

శ్రావణి: సరే. కానుకలు. ఇంకా ఒక్కటీ చెప్పలేదు మనం.

లలిత: చెప్పు, చెప్పు.

శ్రావణి: సంచి. రెండు రవికె గుడ్డలుంటే సాయంత్రానికి అయిపోతుంది, లోపల అస్తరు వేస్తే పదేళ్ళు ఉంటుంది. పిడులు కుట్టేచోట చదరంగా కుట్టి, మధ్యలో ఇంటూ గుర్తులా అడ్డంగా రెండు కుట్లు వెయ్యండి, బరువంతా అక్కడే పడుతుంది. గుమ్మం తోరణానికి మిగిలిన ముక్కలు చాలు. దిండు గలీబులు అందరికీ వచ్చినవే.

లలిత: గలీబులకి నూలు...

శ్రావణి: నూలే వదినా! ఇక న్యూజెర్సీ నుంచి ఒకావిడ అడిగారు. ఇండియా నుంచి అత్తగారు తెచ్చిన అల్లిక సూదుల మీద 8 అని ఉందట. అమెరికా పుస్తకంలో కూడా 8 నంబరు సూదే వాడమన్నారట. అల్లితే టోపీ బొమ్మకి సరిపోయేంత వస్తోందట.

లలిత: రెండు లెక్కలూ వేరు. మన దగ్గర దొరికేవి పాత ఇంగ్లీషు నంబర్లు, నంబరు పెరిగేకొద్దీ సూది సన్నం. అమెరికా నంబరు పెరిగితే సూది లావు. మన 8 అంటే 4 మిల్లీమీటర్లు, వాళ్ళ 8 అంటే 5. నంబరు వదిలేసి మిల్లీమీటర్లు చూసుకోమను.

శ్రావణి: ముందు నాలుగంగుళాల చదరం అల్లి, అందులో ఎన్ని కుట్లు వచ్చాయో లెక్కపెట్టుకోమని కూడా చెప్పండి. కానుక ఇచ్చే మఫ్లరుకైతే కాస్త తేడా వచ్చినా ఫరవాలేదు గానీ, టోపీకి, స్వెట్టరుకి ఆ చదరం తప్పదు.

లలిత: క్రోషా గురించి ఒక్క మాట. గలీబు అంచుకి వేసే లేసు మెషీన్‌ది కొనకండి. మా పుట్టిల్లు చేతి లేసుకి పేరున్న నర్సాపురం దగ్గరే కాబట్టి చెప్తున్నాననుకోవద్దు.

శ్రావణి: అందుకే చెప్తున్నారు.

లలిత: సరే, అందుకే. ఒక్క కొక్కెం సూది, ఒక్క దారపు ఉండ, అరుగు మీద కూర్చుని ఆడవాళ్ళు అల్లుతూనే ఉంటారు. విదేశాల్లో టేబుళ్ళ మీద పరుస్తారు వాళ్ళు అల్లింది. 2024లో జీఐ గుర్తింపు, అంటే ఇది ఫలానా ప్రాంతపు సరుకు అని ఇచ్చే గుర్తింపు, అది కూడా వచ్చింది. అల్లినావిడ చేతికొచ్చే కూలి మాత్రం చాలా తక్కువ, మధ్యలో ఎన్నో చేతులు. అటు వెళ్ళినప్పుడు అల్లినవాళ్ళ దగ్గరే కొనండి, బేరమాడకండి. ఆ దారమూ నూలే, గమనించావా?

శ్రావణి: గమనించాను వదినా. ఇంకో ప్రశ్న, వరంగల్ నుంచి. బొంతకి చేతికుట్టు బదులు మెషీన్ వేస్తే తప్పా అని.

లలిత: తప్పేం లేదు. మెషీన్ కుట్టు గట్టిగా, ఒక పట్టాన పోకుండా ఉంటుంది. బొంత కాస్త బిర్రుగా అవుతుంది, అంతే. చేతికుట్టులో దారం పొరల మధ్య కొంచెం వదులుగా కూర్చుంటుంది కాబట్టి గుడ్డ ఒదిగి ఉంటుంది. కళ్ళు సరిగ్గా ఆననివాళ్ళు మెషీన్ మీద కుట్టుకోండి, హాయిగా. పాలిస్టరు దారం మాత్రం పాత చీర మీద వెయ్యకండి. గుడ్డ కంటే దారం గట్టిదైతే, లాగినప్పుడల్లా గుడ్డే చిరుగుతుంది.

శ్రావణి: బెంగాల్‌లో కాంథాకి, అంటే వాళ్ళ బొంతకి, పాత చీర అంచుల్లోంచే దారం లాగి కుట్టేవాళ్ళట కదా. ఆ లెక్కన అమ్మ చీరకి అమ్మ చీర దారమే.

లలిత: అవును, అలా కుట్టేవాళ్ళు. ఆకుపచ్చ చీర అంచు ఏ రంగు?

శ్రావణి: మెరూన్. ఇంకా ఇస్తానని అనలేదు నేను.

లలిత: అనలేదు. రంగు అడిగానంతే.

శ్రావణి: పోగు గట్టిగానే ఉన్నట్టుంది అంచు దగ్గర. ఇవాళ రాత్రి తీసి చూస్తాను. ఆగండి, బెల్ మోగింది. ఊలు వచ్చినట్టుంది, పిల్లల మేజోళ్ళకి తెప్పించాను.

లలిత: ఊలా, అక్రిలిక్కా?

శ్రావణి: తలుపు తీసొస్తాను వదినా, అందరికీ మీరు చెప్పెయ్యండి.

లలిత: వచ్చే వారం కాజాల గురించి మాట్లాడదాం. గుండీలు దగ్గర పెట్టుకోండి. శ్రావణీ, అక్రిలిక్ అయితే వెనక్కి పంపించెయ్!